మెఱుగు వెల

ప్రాతమోటారుకారునకు చౌకగాను, చక్కగాను రంగు వేయించుట యెట్లు? ఈ ప్రశ్నయందు ధర్మవిచారమునకు తావెక్కడిదని మా మిత్రులొకరు నవ్విరి. అది రంగుల మేస్త్రితో షెడ్డులో తేల్చుకొనవలసిన బేరమే కాని, పత్రికలో చర్చింపదగిన విషయము కాదని వారి యభిప్రాయము. మేమును ఒకప్పుడట్లే తలచియుంటిమి. ఒకే కారునకు రెండుమారులు రంగు వేయించిన పిమ్మట మా తలంపు మారినది. అది మారిన విధమును చదువరుల యెదుట నుంచుచున్నాము. మా విచారణలో పొరపాటున్నచో వారు దిద్దుదురు గాక.

మా యింట నొక అంబాసిడరు కలదు. అది మా తండ్రిగారు కొన్నది. ఆంగ్లదేశపు మోరిసు ఆక్సుఫర్డు కారును మాతృకగా గైకొని హిందూస్థాన్ మోటార్సువారు వంగదేశమందలి ఉత్తరపాడాలో 1950వ దశకము చివర దీనిని చేయనారంభించి, 2014లో మానివేసిరి. ఇంచుమించు ఆఱుపదులేండ్లు తన యాకారమును పెద్దగా మార్చుకొనక మంత్రులను, వైద్యులను, పెండ్లికొడుకులను, టాక్సీ బేరములను ఒక్కతీరుగ మోసిన బండి యిది. మా కారు మీగడవన్నెది. మా తండ్రిగారు డ్రైవరువైపు కిటికీ యంచున మోచేయి ఆనించుకొని నడపెడివారు. ఏండ్లతరబడి ఆ రాపిడిచే మీగడరంగు అరిగి, క్రింది బూడిదవన్నె పూత అరచేయంత మేర కనబడుచుండెను. దానిని మేమెన్నడును లోపముగ నెంచలేదు, గుణముగను ఎంచలేదు. ఉన్నదని మాత్రము ఎఱుగుదుము.

పండ్రెండేండ్ల క్రిందట మా యింట పెండ్లి తలపెట్టితిమి. పెండ్లికొడుకును ఆ కారులోనే ఊరేగింపవలయునని ఇంటివారందఱి కోరిక. రంగు వెలిసియున్నది. బెజవాడ ఆటోనగరునకు బోయి మూడు షెడ్లలో నడిగితిమి. ఒకచో రెండులక్షలనిరి. ఒకచో 85,000 అనిరి. మూడవచోట మేస్త్రి 35,000 అనగా, గట్టిగ బేరమాడి 28,000లకు ఒప్పించితిమి. ఇల్లు చేరువఱకు ఆ యేడువేలు మిగిల్చిన గర్వము మమ్ము విడువలేదు. నాలుగు దినములలో కారు అద్దమువలె మెఱయుచు వచ్చెను. బంధువులు మెచ్చిరి. కిటికీ రబ్బరు చాటున, రంగు తగులకుండుటకై అంటించిన దినపత్రిక ముక్క యొకటి ఇంకను అంటియే యుండెను. పెండ్లిపిలుపులవలె దానికిని అంచున రంగు. అది చూచి నవ్వుకొంటిమే కాని, రబ్బరులు విప్పకయే రంగు కొట్టిరనుటకు అది సాక్ష్యమని మాకు తోచలేదు. కిటికీ యంచున మోచేయి గుర్తు మాసిపోయెను. దానిని గూర్చి ఆ దినమున ఎవరును తలంపలేదు.

రెండవ వర్షకాలమున తలుపుల క్రిందియంచులయందు చిన్నచిన్న ఉబ్బులు లేచెను. వ్రేలితో నొక్కగా పగిలి త్రుప్పునీరు కాఱెను. అయస్కాంతపు ముక్క నొకదానిని తెచ్చి తలుపుమీద నానించి చూచితిమి. పైభాగమున గట్టిగ అంటుకొన్నది. క్రిందికి తేగా జాఱి నేలబడెను. అచ్చట ఇనుము లేదు, లప్పమున్నది. కోపముతో మేస్త్రికడకు బోయితిమి. ఆతడు సావధానముగ విని చెప్పిన మాటలను ఆతని నుడికారముననే యిచ్చుచున్నాము.

"బాబుగారూ, తలుపు కింద తుప్పు తినేసిందని ఆ రోజే చూపించాను గదండీ. కోసి కొత్త రేకు అతకాలంటే ఇంకో పదిహేను వేలవుతుందన్నాను. పెళ్లికి మెరిస్తే చాలు, తర్వాత సంగతి తర్వాత చూద్దామన్నది తమరే. ఇరవయ్యెనిమిది వేలకి లప్పం వస్తుందండీ, ఇనుము రాదు."

మాకు బదులు దొరకలేదు. దొరకనందున మఱికొన్ని కేకలు వేసి వచ్చితిమి. కారును కొట్టమున పడవైచి, మోసపోయితిమని పదిమందితో చెప్పుకొంటిమి. విన్న పదిమందియు మా పక్షమే పలికిరి. పనివాడు మోసగించినాడను మాట మన సంఘమున సాక్ష్యము లేకయే చెల్లును.

మోసగించినదెవరో తెలిసికొనవలయునన్నచో రంగుపని స్వభావమును కొంత ఎఱుగవలయును. క్రొత్తకారుమీది పూతలన్నియు కలిసి సుమారు 100 మొదలు 150 మైక్రానుల మందముండును. అనగా మనము వ్రాసికొను కాగితమంత. చూచువాని కన్ను ఆ కాగితముమీదనే నిలిచిపోవును. పనిలో అధికభాగమో, దాని క్రింద జరుగును. బంపరులు, దీపములు, రబ్బరులు, పిడులు విప్పవలయును. జిడ్డు కడుగవలయును. త్రుప్పుపట్టిన రేకును మెఱయు లోహము కనబడువఱకు గీకవలయును. తినివేసినచోట కోసి, క్రొత్తరేకు అతుకవలయును. లప్పమును సొట్టలకు పలుచగ పట్టింపవచ్చును. చిల్లికి రేకుబదులుగ పెట్టరాదు, ఏలయన అది దూదివలె తేమను పీల్చును, లోపలి త్రుప్పు దాని చాటున హాయిగ పెరుగును. కొందఱు పనివారు లప్పమును గూడ నీటితోనే రుద్దుదురు; త్వరగ నున్ననగును, తేమ లోపలనే మిగులును. పిమ్మట అడుగుపూత. దానిని ముదుకకాగితము మొదలుకొని సన్నకాగితమువఱకు పలుమారులు రుద్దుట. అప్పటికిగాని రంగు తుపాకి చేతబట్టుటకు సమయము రాదు. రంగు చిమ్ముట ఒక పూటపని.

ఈ పనులలో దేనిని ఎగగొట్టినను మొదటి దినమున కారు ఒక్కతీరుననే మెఱయును. భేదము తెలియుటకు రెండు వర్షకాలములు పట్టును. కావున మనము వెల తగ్గింపుమని యడిగినపుడు మేస్త్రి దేనిని తగ్గింపగలడు? కనబడు మెఱుగును తగ్గించినచో మనము డబ్బీయము. తగ్గింపగలది కనబడని దానినే. అది మనకును తెలియును. తెలిసియు తెలియనట్లుండుటకే బేరమను పేరు పెట్టుకొన్నాము. 28,000లకు ఒప్పుకొన్నపుడు ఆతడు మాతో అబద్ధమాడలేదు; అబద్ధమును మేమే కొంటిమి. పెండ్లివఱకు నిలిచిన చాలునని దాని గడువును గూడ మేమే నిర్ణయించితిమి.

జాన్ రస్కిన్ అను ఆంగ్లేయుడు 1860లో ప్రకటించిన వ్యాసములలో ఈ సంగతిని ముట్టుకొనెను. గాంధీమహాత్ముడు 1904లో దక్షిణాఫ్రికాయందు రైలుప్రయాణమున చదివి తన జీవనవిధమునే మార్చుకొన్న పుస్తకమది. పనికి వెల స్థిరముగ నుండవలయును, మంచి పనివానికి పని దొరకవలయును, చెడ్డవానికి దొరకకుండవలయును, ఇది సహజమైన పద్ధతి యని రస్కిను వాదము. చెడ్డపనివాడు సగమువెలకు పనిని పైకొని మంచివాని చోటును ఆక్రమించుటకు వీలుండిన పద్ధతి అసహజమైనదని ఆతడు తలంచెను. ఈ వాదమున మాకొక సందేహము కలదు. ఆటోనగరులో మేము చూచినంతలో మంచిపనివాడు, చెడ్డపనివాడు అని యిరువురు లేరు. ఒక్క మేస్త్రియే యొక కారునకు మంచిపనివాడు, మఱియొక కారునకు చెడ్డపనివాడు. 85,000 ఇచ్చిన కామందుకడ ఆతని చేయి ఎట్లు నడచునో పిమ్మట కన్నులార చూచితిమి. చెడ్డపనితనము ఆతని చేతిలో లేదు. ఆతనికి వచ్చు బేరములో నున్నది.

ఐనచో ధనము లేనివారు ప్రాతకారునకు రంగు వేయించుకొనరాదా యని చదువరు లడుగవచ్చును. మా తాత్పర్యమది కాదు. అధికముగ నిచ్చిన వెలయంతయు పనిలోనికే పోవునని నమ్ముటయు వెఱ్ఱితనమే. చౌక కోరుట పాపము కాదు. ఆ చౌక ఎచ్చటినుండి వచ్చుచున్నదని యడుగకుండుట పాపము.

తెలివినుండి పుట్టిన చౌక యొకటి కలదు. తొలినాళ్లలో మోటారుకార్లకు గుఱ్ఱపుబండ్లకువలెనే వార్నిషు పూతలు పూసెడివారు. ఒక్కొక్క పూత ఆఱుటకు దినములు పట్టగా, కారు పూర్తియగుటకు వారములు గడచెడివి. 1923లో అమెరికాయందు జనరల్ మోటార్సువారి ఓక్లండు కారునకు డ్యూపాంటువారి నైట్రోసెల్యులోసు లాకరును చిమ్మి చూచిరి. వారములపని గంటలలోనికి వచ్చెను. దాని వ్యాపారనామము డూకో. మన వడ్రంగులు నేటికిని బీరువాలకు "డూకో వేయుట" అనుచున్నది ఆ పేరే. ఇట్లు వచ్చిన చౌక ఎవరి కడుపును కొట్టి తెచ్చినది కాదు, పనిని కుదించిన నేర్పువలన వచ్చినది. చిమ్ముటతో పనివాని ముక్కులోనికి క్రొత్తగ ఆవిరులు చేరెననుటయు నిజమే. తెలివి తెచ్చిన మేళ్లన్నిటికిని ఇట్టి తోక యొకటి యుండును.

గడచిన కార్తికమాసమున కారును మరల బయటికి తీసి, సిగ్గు విడిచి ఆ మేస్త్రికడకే పోయితిమి. ఆతనికి దగ్గు పట్టుకొనియున్నది. నాలుగు మాటలకొకమారు ఆగుచున్నాడు. రంగు చిమ్మవద్దని డాక్టరు చెప్పినాడనియు, ఇప్పుడు చిమ్ముపని తన మేనల్లుడు చేయుచున్నాడనియు చెప్పెను. ఆ కుఱ్ఱవాడు ఒక క్రొత్తకారునకు రంగు చిమ్ముచుండెను. ముక్కునకు చేతిరుమాలు కట్టుకొనియుండెను.

ఇక్కడ కొంత నిలిచి చెప్పవలసియున్నది. నేటి కార్లకు వేయు పాలీయురెథేను రంగు రెండు డబ్బాలలో వచ్చును. ఒకటి రంగు, రెండవది దానిని గట్టిపఱచునది, పనివారు హార్డనరందురు. ఈ హార్డనరులో ఐసోసయనేటులను రసాయనములుండును. వృత్తివలన కలుగు ఉబ్బసమునకు ముఖ్యకారణములలో ఇవి యొకటి. వీని స్వభావమేమనగా, ఒకమారు శరీరము వీనికి ఎదురుతిరుగనేర్చినచో, పిమ్మట అణుమాత్రము సోకినను ఊపిరాడదు. అట్టివాడు ఆ వృత్తిని విడువవలసినదే. మఱియు వీనికి హెచ్చరించు వాసన లేదు. వాసన తగులువేళకు హాని జరిగియుండును. కావుననే బొగ్గుతిత్తుల ముసుగు గూడ చాలదనియు, బయటినుండి గొట్టముద్వారా శుభ్రమైన గాలి వచ్చు ముసుగు కావలయుననియు వైద్యులు చెప్పుదురు. 1984 డిసెంబరున భోపాలునగరమున వేలమందిని చంపిన మిథైలు ఐసోసయనేటు ఈ కుటుంబములోనిదే. రంగులోనిది అది కాదు, అంత ఉగ్రమైనదియు కాదు. పోలికను హద్దుమీఱి లాగుట న్యాయము కాదు. ఐనను చేతిరుమాలు ఆ రాత్రి ఎంత కాపాడెనో ఇచ్చటను అంతియే కాపాడును.

మేస్త్రి దగ్గునకు కారణము నిశ్చయించుటకు మేము వైద్యులము కాము. కాని ఆ షెడ్డులో నిలువబడియుండగా మా పూర్వపు బేరము మరల జ్ఞాపకమునకు వచ్చెను. ఏడువేలు తగ్గింపుమని పట్టుబట్టితిమి గదా, ఆ యేడువేలు ఎచ్చటినుండి తీసియుండును? ఇనుమునుండి కొంత తీసెను. అది త్రుప్పై మాకు తిరిగివచ్చెను. తక్కినది గాలిగొట్టమునుండి, ముసుగునుండి, వీచుపంకానుండి తీసియుండును. అది మాకు తిరిగి రాలేదు. ఆతనియొద్దనే యుండిపోయినది. ఇనుములోని మోసమునకు మేము కేకలు వేయగలిగితిమి. ఊపిరిలోని నష్టమునకు కేకలు వేయుటకు ఆతనికి కామందెవరు?

"గాలి మాస్కు ఎంతవుతుంది మేస్త్రీ?" అని యడిగితిమి. చెప్పి నవ్వెను. "అది కొంటే నా రేటు పక్క షెడ్డువాడి రేటు కన్నా ఎక్కువవుతుందండీ. తమరే పక్క షెడ్డుకు వెళ్తారు." ఆతడు మమ్ము నొప్పింపవలెనని యనలేదు. మునుపు జరిగినదానిని చెప్పినాడు.

పనియంతకు ఆతడు కట్టిన వెల 1,10,000. మా చేత నున్నది అంత లేదు. ఈమాఱు బేరమాడుటకు బదులు, మా కోరికలలో దేనిని తగ్గించుకొనగలమో చెప్పుమంటిమి. ఆతడు కొంత ఆశ్చర్యపడి, తరువాత ఉత్సాహపడెను. వెలుగులీను లోహపురంగులు వలదంటిమి. సాదా మీగడరంగే చాలును. వన్నె మార్చనందున తలుపుల లోపలిభాగములు, ఇంజనుగదియు మరల పూయనక్కఱలేదు, నమోదుపత్రమున రంగు మార్పించుకొను తిరుగుడును లేదు. విప్పుపని, బిగింపుపని మేమే చేసెదమంటిమి. ప్రాతరంగును రుద్దుపనియు మాకే యిచ్చెను. అరువదియేండ్లు పైబడిన మాకు అది తేలికపని కాలేదు. పదునొకండు దినములు, ప్రొద్దుట మూడేసి గంటలు, నీటితో తడిపి కాగితముతో రుద్దితిమి. తడుపుటకు కారణము కలదు: ప్రాతకార్ల పూతలలో సీసముండవచ్చును, దాని పొడి ఊపిరిలోనికి పోరాదు. ఇండ్లకు వేయు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని 2016లో మన ప్రభుత్వము నిబంధన చేసినది. అది ఇండ్లరంగులకే కాని కారురంగులకు కాదు. షెడ్లలో మసలు పిల్లల సంగతి నిబంధన వ్రాసినవారికి తట్టలేదు కాబోలు.

పైపూతకు రెండుడబ్బాల రంగును మాని, ప్రాతకాలపు నైట్రోసెల్యులోసు లాకరునే కోరితిమి. దానిలో ఐసోసయనేటు లేదు. త్వరగ ఆఱును గనుక తెఱపిషెడ్డులో దుమ్ము అంటుటయు తక్కువ. గీతపడినచోట మరల పూసి మెఱుగు పెట్టుకొనవచ్చును. దాని లోపములు దానికున్నవి: మెఱుగు కొంత మందము, పూతలు ఎక్కువ కావలయును, పెట్రోలు చిందిన మచ్చపడును, ఎండకు త్వరగ వెలియును, తేమదినమున చిమ్మినచో బూజుపట్టినట్లు తెల్లబాఱును. అందుచేత వానలు వెనుకబట్టి, పొడిగాలి వీచువఱకు ఆగితిమి. దాని థిన్నరు ఆవిరులును మంచివి కావు. కాని వానికి బొగ్గుతిత్తుల ముసుగు చాలును. మూడువేల రూపాయలలోపు పెట్టి మేనల్లునికి అట్టిదొకటి కొనియిచ్చితిమి. తలుపుల క్రింద రేకు కోసి అతికినపుడును, అడుగుపూత వేసినపుడును పోయి చూచి, చూచిన మేరకు డబ్బు కట్టితిమి. మేస్త్రికి ఇది అవమానమని మేము జంకుచుండగా ఆతడే, "ఇలా చూసేవాళ్లుంటే పని చెయ్యబుద్ధవుతుందండీ" అనెను. అన్నియు కలిపి 78,000 అయినది. అందులో ఆతని కూలినుండి తగ్గించినది లేదు.

ఇంత శ్రమయేల, ప్రాతరంగును ఉన్నట్లుండనిచ్చుటయే ఉత్తమమను వారు కలరు. వారి మాటలో బలమున్నది. తొలిపూత ఒక్కమారే యుండును. పోయినదానిని ఎంత వెలకును ఎవరును తిరిగి వేయలేరు. పండ్రెండేండ్ల క్రిందట ఈ మాట చెప్పువారుండినచో, కడిగి మెఱుగు పెట్టుటతో తృప్తిపడి, త్రుప్పున్నచోట మాత్రము బాగుచేయించుకొనియుందుము. అదియే అన్నిటికంటె చౌకయై యుండెడిది. మోచేయి గుర్తును తలంచినపుడెల్ల మాకు కష్టము కలుగును. రుద్దుదినములలో ఆ కిటికీ యంచున మిక్కిలి మెల్లగ రుద్ది చూచితిమి. 28,000ల పూత పోగా అడుగున ఆ బూడిదవన్నె ఇంకను ఉన్నదేమోనని యాశ. లేదు. ఆనాటి కుఱ్ఱవాడెవడో దానిని లోహము వఱకు గీకివేసినాడు. చెప్పనివాని తప్పేకాని గీకినవాని తప్పు కాదు.

ప్రాతకారు ముచ్చట కలవారి విలాసమనియు, ఇట్టివారు ధర్మము చెప్పుట విడ్డూరమనియు మా మిత్రులు మరల నవ్విరి. విలాసమే. అక్కఱకు వేయించుకొనువాడు, అనగా రంగుపోయిన ఆటోనడపువాడు, రూపాయి రూపాయి బేరమాడినచో అర్థము చేసికొనవచ్చును. విలాసమునకు వేయించుకొను మేము ఇంకొకని ఊపిరిలోనుండి ఏడువేలు తీసితిమి. తేడా వారికి కనబడినదో లేదో వారు చెప్పలేదు.

కారు ఇంటికి వచ్చినది. దాని మెఱుగు పెండ్లినాటి మెఱుగంత లేదు. ఎడమవైపు తలుపుమీద వెలుతురు పడినపుడు సన్నని అల యొకటి కనబడును, అది మేము రుద్దినచోటు. మేనల్లుడు ముసుగును షెడ్డులో మేకునకు తగిలించియుంచినాడు. పోయినపుడెల్ల చూచుచున్నాము; ఒకనాడు ముఖముమీద నుండును, ఒకనాడు మేకుననే యుండును. ఉక్కబోయునని యాతని సమాధానము. మేస్త్రి తన వెలను పెంచలేదు, గాలిగొట్టమును కొనలేదు. ఒక వర్షకాలము గడచినది. ఆదివారమున కారు కడుగునపుడు తలుపుల క్రిందియంచున అయస్కాంతము నానించి చూచుచుందుము. ఇంతవఱకు అంటుకొనుచున్నది.